నాలుగో తరగతి దాకా సగం లేదు

సగం అనేది నాలుగో తరగతిలో మొదలవుతుంది. అంతకు ముందు అది లేదు. ఈ సంగతి నాకు తెలిసేసరికి నేను ఉపాధ్యాయుడిగా చేరి చాలా ఏళ్లయింది కాబట్టి కొంత సిగ్గుపడ్డాను.

మార్గశిరంలో నా భార్య అహల్య పోయింది. మేమిద్దరం ఒకే బడిలో పనిచేసేవాళ్లం. ఆమె ఒకటి నుంచి మూడు తరగతులకు చెప్పేది, నేను నాలుగు, ఐదు తరగతులకు చెప్పేవాణ్ణి. కార్యక్రమాలన్నీ ముగిసి నేను తిరిగి బడికి వచ్చిన రోజు, ప్రధానోపాధ్యాయులు దాలినాయుడు గారు నన్ను తన గదిలో కూర్చోబెట్టి, నా చెయ్యి పట్టుకున్నారు. ఆ తరవాత, ఆమె తరగతులు కూడా ఇకమీదట నన్నే చూసుకోమన్నారు. ఆ తరవాత గోడ వైపు చూపించారు.

గోడ మీద కొత్త పటం ఒకటి వేలాడుతోంది. దాని పేరు గణిత ప్రమాణాల సోపానం. కింది నుంచి పైకి మెట్లు గీసి ఉన్నాయి, ఒక్కో తరగతి ఒక్కో మెట్టు. ఒకటో మెట్టు మీద తొంభై తొమ్మిది దాకా సంఖ్యలు. రెండో మెట్టు మీద తొమ్మిది వందల తొంభై తొమ్మిది దాకా. నాలుగో మెట్టు మీద భిన్నాలు. సున్నా కన్నా తక్కువ ఉండే సంఖ్యలు ఆరో మెట్టు మీద, ఎవరికీ అందకుండా ఉన్నాయి.

అలాంటి పటం మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. ఏది ముందు చెప్పాలో, ఏది వెనక చెప్పాలో ఎవరో ఒకరు కూర్చుని ఆలోచించాల్సిందే. కొత్తది ఏమిటంటే, పటం అడుగున ఎర్ర అక్షరాలతో రాసిన వాక్యం. "ఏ భావన ఏ మెట్టుకు చెందుతుందో, ఆ మెట్టుకు ముందు ఆ భావన విద్యార్థి వద్ద ఉండరాదు."

ఇది అచ్చు తప్పేమో అన్నాను. దాలినాయుడు గారు తల అడ్డంగా ఊపారు. వచ్చే సోమవారం దీని మీదే శిక్షణ ఉందన్నారు.

శిక్షణ ఇచ్చినాయన స్థాయి పరిరక్షణాధికారి విశ్వంభర ప్రసాద్ గారు. ఆ పదవిని ఈ ఏడాదే సృష్టించారు. ఆయన తెల్ల చొక్కా వేసుకుని, మెట్ల పటం పక్కన నిలబడి, ఒక్క మాట కూడా తడుముకోకుండా మాట్లాడారు. "సంవత్సరారంభంలో బాలుడికి తెలియనిది సంవత్సరాంతంలో తెలియాలి. ఈ రెంటి నడుమ గల వ్యత్యాసమునే మనం అభ్యసన వృద్ధి అంటున్నాం. ఆరంభంలోనే తెలిసి ఉన్నచో వ్యత్యాసం ఎక్కడ? వ్యత్యాసం లేని పాఠశాలకు ఉనికి ఎక్కడ?"

ఈ లెక్కలో తప్పు లేదు. ఇంటికి వెళ్లి నేను రెండుసార్లు చేసి చూసుకున్నాను.

ఎవరో కుర్ర మాస్టారు లేచి, పిల్లలు ఇంటి దగ్గర నేర్చేసుకుంటే ఏం చేయాలని అడిగాడు. దాన్ని అకాల జ్ఞానం అంటారని ప్రసాద్ గారు చెప్పారు. అకాల జ్ఞానం పట్టిన బిడ్డ వల్ల బడి వృద్ధి పడిపోతుంది, బడి వల్ల మండలం వృద్ధి పడిపోతుంది. అందుకు చికిత్స ఉంది. దాని పేరు పునఃక్రమం. ఆ బిడ్డను ఒకటో తరగతిలో మళ్లీ కూర్చోబెడతారు. అక్కడి నుంచి అన్నీ వరస ప్రకారం తెలుసుకుంటూ వస్తుంది.

అమలు మొదలైంది. మేం బుద్ధిగా అమలు చేశాం.

మూడో తరగతి పరిసరాల పుస్తకంలో సగం చంద్రుడి బొమ్మ ఉంది. ఒక పూటంతా కూర్చుని, అందరి పుస్తకాల్లోనూ మిగతా భాగానికి రంగు వేసి నిండు చంద్రుణ్ణి చేశాం. పొద్దున బస్సు ఏడున్నరకు వస్తుంది. నాలుగో తరగతికి వచ్చిన పిల్లలకు అది ఏడున్నరకే వచ్చేది. చిన్నవాళ్లకు మాత్రం ఏడు దాటాక, ఎనిమిది కాకముందు వచ్చేది. కండక్టరుకు చెప్పి అర టికెట్టును పొట్టి టికెట్టు అనిపించాం. అతను మంచివాడు, ఒప్పుకున్నాడు. ఎండాకాలం బడిని మన పెద్దలు ఒంటిపూట బడి అన్నారు గాని అరపూట బడి అనలేదు. ఒకటి ఒకటో తరగతిలోనే ఉంది కాబట్టి దానికి ఏ ఇబ్బందీ రాలేదు. వాళ్ల ముందుచూపును ప్రసాద్ గారు ఒక సమావేశంలో మెచ్చుకున్నారు కూడా.

ఒకటో తరగతి పిల్లలు తాడాట ఆడుతూ తొంభై తొమ్మిది దాకా లెక్కపెట్టి ఆగేవారు. గెంతుతున్న పిల్లకు ఇంకా ఊపిరి ఉంటే, మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టేవారు. ఆ ఏడాది మా బడిలో తాడాట ఎవరూ గెలవలేదు.

ఇంతవరకూ అంతా సాఫీగానే జరిగింది. చిక్కు మా ఊరితో వచ్చింది.

మా ఊరు జీడితోటల మధ్య ఉంటుంది. ఊళ్లో ఆడవాళ్లలో చాలామంది జీడిపిక్కల బట్టీల్లో పనిచేస్తారు. పిక్క కొట్టి, పొట్టు తీసి, పప్పును వేరుచేస్తారు. విరగకుండా నిండుగా వచ్చింది గుండు. నిలువునా రెండుగా విడిపోయింది బద్ద. గుండుకు ఒక బుట్ట, బద్దకు ఒక బుట్ట. పిల్లలు నడక రాకముందు నుంచీ ఆ బుట్టల మధ్యే పెరుగుతారు. రెండు బద్దలు కలిపితే ఒక గుండు అవుతుందని వాళ్లకు ఎవరూ చెప్పనక్కర లేదు.

అహల్య ఒకటో తరగతిలో పిల్లల్ని కూర్చోబెట్టుకుని, బద్దను చూపించి, దీన్ని బడిలో సగం అంటారని చెప్పేది. అంతే ఆమె చెప్పిన పాఠం. పిల్లలకు ముందే తెలిసినదానికి పేరు పెట్టడం తప్ప మనం చేసేది పెద్దగా ఏమీ లేదని నాతో అనేది. నేను కాదనేవాణ్ణి. ఈ విషయం మీద మా ఇంట్లో వాదన ఎప్పుడూ తెగలేదు.

తల్లుల సమావేశం పెట్టారు. బట్టీ నుంచి నేరుగా వచ్చిన తల్లులు జీడి రసానికి నల్లబడిన వేళ్లను కొంగుల్లో దాచుకుని వరండాలో కూర్చున్నారు. పిల్లలు నాలుగో తరగతికి వచ్చేదాకా ఇళ్లలో బద్ద అనే మాట వాడరాదనీ, దానికి బదులు చిన్న గుండు అనాలనీ ప్రసాద్ గారు చెప్పారు. తల్లులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. బృందావతి అనే ఆమె లేచింది. ఆమె కూతురు దమయంతి మా బడిలో మూడో తరగతి.

"అలాగే బాబూ," అంది. "మరి మేస్త్రీతో కూడా సెప్పీయండి. బద్దని కూడా గుండని రాసుకుని, గుండుకిచ్చిన కూలే ఇమ్మనండి."

తల్లులు నవ్వారు. ప్రసాద్ గారు నవ్వలేదు. కూలి విషయం తమ శాఖ పరిధిలోకి రాదని చెప్పి, తరవాతి అంశానికి వెళ్లారు.

తరవాతి అంశం మధ్యాహ్న భోజనం. అందులో కోడిగుడ్డు ఉంటుంది. గుడ్లు ఒక్కోసారి తక్కువ వస్తాయి. పూర్వం అలాంటి రోజున వంటమ్మ గుడ్లను రెండు చేసి అందరికీ పెట్టేది. ఇప్పుడు నాలుగో తరగతి లోపు వాళ్లకు సగం గుడ్డు పెట్టడం పాఠం చెప్పడంతో సమానమని తేల్చారు. కాబట్టి పెద్ద తరగతుల వాళ్లకు తలా సగం వచ్చేది. చిన్న తరగతుల్లో కొందరికి ఒకటి వచ్చేది, కొందరికి సున్నా వచ్చేది. ఒకటీ, సున్నా రెండూ ఒకటో మెట్టు మీదే ఉన్నాయి.

సంక్రాంతి సెలవులయ్యాక ప్రసాద్ గారు తనిఖీకి వచ్చిన రోజు గుడ్లు తక్కువ వచ్చాయి. ఆయన వరండాలో కుర్చీ వేయించుకుని, పిల్లలు తింటుంటే చూస్తున్నారు. మూడో తరగతి వరసలో దమయంతికి గుడ్డు వచ్చింది. పక్కనున్న రోహిణికి రాలేదు. దమయంతి తన జడ రిబ్బను అంచు నుంచి ఒక దారం లాగింది. దారాన్ని గుడ్డు చుట్టూ వేసి, రెండు కొసలూ పట్టుకుని లాగింది. గుడ్డు నిలువునా రెండయింది. రెండు ముక్కల్లోనూ పచ్చసొన పైకి చూస్తోంది. ఒకటి రోహిణి పళ్లెంలో పెట్టింది.

అంత సమంగా కోసిన గుడ్డును నేను పెళ్లి విందుల్లో కూడా చూడలేదు.

ప్రసాద్ గారు లేచి వచ్చారు. అదేమిటని అడిగారు. దమయంతి లేచి నిలబడి, చేతులు కట్టుకుని, "సగం, సార్," అంది. ఎవరు నేర్పారని అడిగారు. ఆ పిల్ల గర్వంగానే చెప్పింది.

"అహల్య టీచరు."

భోజనాల తరవాత పిల్లలందరినీ వరసల్లో నిలబెట్టి నివేదిక చదివారు. అలా అందరి ముందూ చదవడం నిబంధన. విద్యార్థిని పేరు దమయంతి. తరగతి మూడు. అకాల జ్ఞానం, నాలుగో మెట్టు, భిన్నాలు. జ్ఞాన మూలం అహల్య, ఉపాధ్యాయిని. స్థితి, లేరు.

దాలినాయుడు గారు నేల వైపు చూస్తూ నిలబడ్డారు. నేను కూడా నేల వైపు చూశాను. నేల శుభ్రంగానే ఉంది.

చికిత్స కూడా చదివారు. దమయంతిని మర్నాటి నుంచి, వచ్చే ఏడు ముగిసేదాకా, ఒకటో తరగతిలో కూర్చోబెట్టాలి. ఆ సాయంత్రమే బృందావతి బడికి వచ్చింది. ఈసారి ఎవరినీ నవ్వించలేదు.

"మాస్టారూ, మూడేళ్లు సదివిన పిల్లని మళ్లీ ఒకటిలో కూకోబెడతారేటి? దాన్తో పాటు దీని తమ్ముడు కూడా ఒకటిలోకే వస్తాడు వచ్చే ఏడు. ఇద్దరూ ఒకే బల్ల మీద కూకుంతారా? ఊరంతా ఏటనుకుంతాది? అలాగైతే నాను మానిపించేస్తాను. ఇంటికాడుండి తమ్ముణ్ణి సూసుకుంతాది. ఇంకో రెండేళ్లు పోతే బట్టీకి నాతోపాటు తీసుకుపోతాను. అక్కడైనా దాన్ని సగం తెలుసునని ఎవరూ తిట్టరు."

ఆమె మాట అంటే చేసే మనిషి. పెద్దమ్మాయిని అలాగే మానిపించింది.

నేను ప్రసాద్ గారి దగ్గరికి వెళ్లాను. ఆయన కఠినుడు కాడు. నన్ను కూర్చోమన్నారు, టీ తెప్పించారు, జరిగినదానికి సానుభూతి తెలిపారు. ఏది జరిగినదానికో నాకు స్పష్టంగా తెలియలేదు. నిబంధనల్లో ఒక దారి ఉందని చెప్పారు. సంబంధిత ఉపాధ్యాయుడు శుద్ధి బోధన జరిపి, విద్యార్థి వద్ద ఆ భావన లేదని పునఃపరీక్షలో నిరూపించగలిగితే, పునఃక్రమం అవసరం ఉండదు, అప్పటిదాకా దాన్ని ఆపి ఉంచవచ్చు. "విస్మరణ కూడా ఒక అభ్యసన ఫలితమే, మాస్టారూ," అన్నారు.

ఆ వారంలోనే అహల్య పేరు మీద బడికి ఒక తాఖీదు వచ్చింది. నాలుగో మెట్టుకు చెందిన భావనను దిగువ మెట్టులో ఎందుకు బోధించవలసి వచ్చిందో ఏడు రోజుల్లో సంజాయిషీ ఇచ్చుకోవాలి. గడువులోగా రానిచో, ఆమె వద్ద చెప్పుకోదగిన సంజాయిషీ ఏదీ లేదని భావించబడును. దాలినాయుడు గారు దాన్ని నా చేతికి ఇవ్వడానికి మొహమాటపడి, బల్ల మీద పెట్టి బయటికి వెళ్లారు.

జవాబు నేను రాయవచ్చునేమో అనుకున్నాను. చాలా రకాలుగా మొదలుపెట్టి చూశాను. ఆమె తరఫున నేను రాసిన వాక్యం ఏదీ ఆమె ఒప్పుకునేట్టుగా లేదు. గడువు దాటిపోయింది. అలాగే భావించి ఉంటారు.

రోజూ బడి వదిలాక దమయంతికి శుద్ధి బోధన మొదలుపెట్టాను. ఇన్నేళ్లలో ఒక్క పిల్లకూ మరిచిపోవడం నేర్పలేదు కాబట్టి నాకు పద్ధతి తెలియదు. బిస్కెట్టు ఒకటి తీసి విరిచి, ఒక ముక్క చూపించి, ఇదేమిటని అడిగాను.

"సగం."

"కాదమ్మా. అది బిస్కెట్టు."

"మరి ఆ రెండోది?"

"అది కూడా బిస్కెట్టే."

ఆ పిల్ల నా చేతుల వైపు కాసేపు చూసింది. "అయితే రెండు బిస్కెట్లు అయ్యాయి. ఇయ్యి మళ్లీ ఇరిపేస్తే నాలుగు. ఇలాగైతే ఒక్క పేకట్టు కొంతే ఊరందరికీ సరిపోతాది కదా, మాస్టారూ. మా అమ్మకి సెప్పనా?"

చెప్పవద్దన్నాను. ఆ రోజుకు పాఠం ఆపేశాను.

మర్నాడు పద్ధతి మార్చాను. మరిచిపోవడం కుదరదు కాబట్టి, తెలియదు అనడం అభ్యాసం చేయించాను. మొదట్లో దమయంతి అది ఆట అనుకుంది. ఏది అడిగినా తెల్దు అని నవ్వేది. నీ పేరేమిటంటే తెల్దు అనేది. అలా నవ్వకూడదనీ, తెలియని పిల్లలు నవ్వరనీ చెప్పాను. ఆ మాటకు నవ్వు ఆపి, నన్ను జాగ్రత్తగా చూసింది. నిజంగా తెలియని పిల్ల ముఖం ఎలా ఉంటుందని అడిగింది. నేను చూపించబోయి, మానేశాను.

ఒకటో తరగతికి పంపుతారనీ, అమ్మ బడి మానిపిస్తుందనీ ఆ పిల్లకు తెలుసు. ఆ సంగతి మేమిద్దరం ఎప్పుడూ మాట్లాడుకోలేదు. నాలుగైదు రోజులకు దమయంతికి తెల్దు అనడం ఎంత బాగా వచ్చిందంటే, విన్న దాలినాయుడు గారు నన్ను అభినందించారు. తరవాత ఆయన గదిలోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకున్నారు.

మాఘమాసంలో పునఃపరీక్ష జరిగింది. బృందావతి పని మానుకుని వచ్చి, తలుపు దగ్గర నిలబడింది. ప్రసాద్ గారు రాజధాని నుంచి వచ్చిన ప్రామాణిక పరీక్షా వస్తువును సీలు విప్పి బయటికి తీశారు. అది ఒక బన్ను. దాన్ని ఇద్దరు పిల్లల మధ్య పెట్టి, ఏమీ చెప్పకుండా చూడాలి. ఒకరే లాక్కుంటే స్థాయికి తగిన ప్రవర్తన. కొట్టుకుంటే అది కూడా తగినదే, పైగా సహజ స్పందన కింద ఒక మార్కు అదనం. ఒకరికి ఎక్కువ, ఒకరికి తక్కువగా విరుచుకుంటే సందేహాస్పదం. సమంగా పంచుకుంటే అకాల జ్ఞానం.

దమయంతి ఎదురుగా రోహిణిని కూర్చోబెట్టారు. మధ్యలో బన్ను పెట్టారు. రోహిణి బన్ను వైపు చూసి, దమయంతి వైపు చూసింది. పంచే పని ఎప్పుడూ దమయంతిదే కాబట్టి ఎదురుచూసింది.

దమయంతి బన్నును రెండు చేతులతో తీసుకుంది. నేను కిటికీ వైపు తిరిగాను. మళ్లీ ఇటు చూసేసరికి బన్ను మొత్తం రోహిణి ఒళ్లో ఉంది.

"రోహిణికి ఎంత ఇచ్చావు?" అని ప్రసాద్ గారు అడిగారు.

"మొత్తం, సార్."

ఆయన పటం చూసుకున్నారు. మొత్తం ఒకటో మెట్టు మీదే ఉంది.

"మరి నీకు ఎంత రావాలి?"

"తెల్దు, సార్."

నవ్వలేదు. కళ్లు కూడా దించుకోలేదు. తలుపు దగ్గర బృందావతి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ప్రసాద్ గారు చాలాసేపు రాశారు. రాసింది అందరికీ వినిపించేలా చదివారు. "విద్యార్థిని వద్ద సమానంగా పంచే భావన లేదు. స్థాయికి తగినట్టుగా ఉంది. మూడో తరగతిలో కొనసాగవచ్చును." జ్ఞానం తొలగిపోయింది కాబట్టి ఇక మూలంతో పనిలేదని, పాత నివేదికలో అహల్య పేరు మీద అడ్డంగా ఒక గీత గీశారు. శుద్ధి బోధనలో ఇంత స్వచ్ఛమైన ఫలితం జిల్లాలో ఇదే మొదటిదని చెప్పి, నాతో కరచాలనం చేశారు. మిగతా మండలాల ఉపాధ్యాయులకు నా పద్ధతి మీద ఒక ఉపన్యాసం ఇవ్వమన్నారు. ఆలోచిస్తానన్నాను.

ఆయన జీపు వెళ్లిపోయాక బృందావతి లోపలికి వచ్చి, కూతురి తల నిమిరి, నాకు దణ్ణం పెట్టి, ఆ పూట పనైనా దొరుకుతుందేమోనని బట్టీకి వెళ్లిపోయింది. రోహిణి గోడవారగా కూర్చుని బన్ను తింటోంది. దమయంతి అటు చూడకుండా పలక తుడుచుకుంటోంది.

నేను వెళ్లి పక్కన కూర్చున్నాను. ఒక చిన్న ముక్కైనా ఉంచుకోవలసింది కదా, దానికి ఎవరూ ఏమీ అనేవారు కాదు కదా అన్నాను.

ఆ పిల్ల గొంతు తగ్గించింది.

"ఉంచుకుంతే ఎంత ఉంచుకున్నావని అడుగుతారు, మాస్టారూ. అప్పుడు నా నోట్లోంచి అది వచ్చేస్తాది. వచ్చేస్తే మళ్లీ అందరి ముందూ టీచరు పేరు సదువుతారు."

పలక ఎత్తి వెలుతురులో చూసుకుని, ఇంకా మరక ఉందని, మళ్లీ తుడవసాగింది.

నేను లేచి నల్లబల్ల మీద తేదీ వేశాను. మూడో తరగతికి ఆ పూట కూడికలు. కూడికలు ఆ మెట్టు మీదే ఉన్నాయి కాబట్టి ఎవరికీ అభ్యంతరం లేదు. చెప్పాను.